పసివారి మెదడులో ప్రాణవాయువు: కాంతితో కొలత

మన శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్ళు మాత్రమే. అయినను, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వినియోగించుకొనే ప్రాణవాయువులో సుమారు ఐదవ వంతు దానికే కావలెను. ఎదిగే పసివారిలో ఈ వాటా మరింత ఎక్కువ. కొద్ది నిమిషాలపాటు ఆ సరఫరా నిలిచిపోయినా మెదడుకు తీరని నష్టం కలుగుతుంది.

మెదడు లోపలి గదులలో నిర్మలమైన ద్రవమొకటి నిరంతరం ఊరుతూ, మెదడు చుట్టూ ప్రవహించి, తిరిగి రక్తంలో కలుస్తుంది. పెద్దవారిలో రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు ఊరుతుంది. దాని దారి మూసుకొనిపోతే గదులు ఉబ్బి, మెదడును పుర్రెకు అదుముతాయి. దీనినే తలలో నీరు చేరడమంటారు. వైద్యులు హైడ్రోకెఫలస్ అంటారు. పుట్టుకతో వచ్చే లోపాలు, నెలలు నిండని శిశువుల మెదడులో రక్తస్రావం, క్షయ వలన మెదడు పొరలకు కలిగే వాపు దీనికి ముఖ్య కారణాలు. సుమారు వేయి సంవత్సరాల క్రితమే అరబ్బు శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ శిశువులలో ఈ వ్యాధిని తన గ్రంథంలో వర్ణించాడు. నేడు సన్నని గొట్టం ద్వారా ఆ ద్రవాన్ని సాధారణంగా కడుపులోనికి మళ్ళించి చికిత్స చేస్తున్నారు.

పుర్రె లోపలి ఒత్తిడి పెరిగిన కొలది మెదడులోనికి రక్తం ప్రవహించుట కష్టమవుతుంది. రక్తం తగ్గితే ప్రాణవాయువూ తగ్గుతుంది. మరి తలకు గాటు పెట్టకుండా దానిని తెలిసికొనుట ఎట్లు?

చీకటి గదిలో టార్చి దీపాన్ని అరచేతితో మూసినప్పుడు వ్రేళ్ళు ఎర్రగా మెరయడం విద్యార్థులందరూ చూచియే ఉంటారు. ఎరుపు కాంతి మాంసం గుండా కొంత దూరం పోగలదు. ఎరుపునకు ఆవల కంటికి కనిపించని పరారుణ కాంతి పుర్రె ఎముకను కూడ దాటగలదు. ప్రాణవాయువు గల హిమోగ్లోబిన్, అది లేని హిమోగ్లోబిన్ ఈ కాంతిని వేర్వేరు పాళ్ళలో పీల్చుకొంటాయి. ఈ భేదాన్ని ఆధారం చేసికొని మెదడులోని ప్రాణవాయువును కొలవవచ్చునని 1977లో అమెరికాలో ఫ్రాన్స్ యాబ్సిస్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. నొసటిపై అంటించిన చిన్న పట్టీ నుండి కాంతి లోనికి పోయి, చెదరి, తిరిగి వచ్చిన భాగాన్ని యంత్రం లెక్కించి శాతంగా చూపుతుంది.

బోస్టన్ వైద్యులు 2004లో ప్రకటించిన పరిశోధనలో, రక్తస్రావం వలన తలలో నీరు చేరిన శిశువులకు ఆ ద్రవాన్ని తీసివేయగా, మెదడులో రక్తమూ ప్రాణవాయువుతో కూడిన హిమోగ్లోబినూ పెరిగినట్లు ఈ కాంతి పద్ధతియే తెలిపింది.

అయితే దీనికి హద్దులు కలవు. ఇది నొసటి వెనుక కొద్ది మేరను మాత్రమే చూడగలదు. నీరు నిండి మెదడు పలుచబడినచోట కాంతి దారియే మారి లెక్క తప్పవచ్చును. కనుక ఒక్క అంకెను చూచి శస్త్రచికిత్స నిర్ణయింపరు. అంకె ఎటు మారుచున్నదో గమనిస్తారు. స్కానింగునకు ఇది తోడు మాత్రమే, బదులు కాదు.

ఇట్టి యంత్రాలు మహానగరాల పెద్ద ఆసుపత్రులలో ఉండునవి. హొళగుంద వంటి సరిహద్దు గ్రామంలోని తల్లి ఆదోని చేరి, అక్కడి నుండి కర్నూలు చేరవలెను. ఆ ప్రయాణం సకాలంలో మొదలగుటకు చాలిన పరికరం కొలత టేపు! పుట్టినప్పుడు సుమారు 34, 35 సెంటీమీటర్లుండే తల చుట్టుకొలత, మొదటి మూడు నెలలలో నెలకు సుమారు రెండేసి సెంటీమీటర్ల చొప్పున పెరిగి, ఏడాదికి ఇంచుమించు 46కు చేరుతుంది. అంతకంటె వేగంగా పెరిగినా, మాడు ఉబ్బినా, కనుపాపలు క్రిందికి వాలినా, బిడ్డ మాటిమాటికి వాంతి చేసికొని మగతగా ఉన్నా వెంటనే వైద్యునికి చూపవలెను. దిష్టి అని, తాయెత్తు అని జాగు చేసిన దినాలు ఆ మెదడుకు తిరిగి రావు.

విజ్ఞానం పుర్రెను దాటి చూడగల వెలుగును కనుగొన్నది. బిడ్డను సకాలంలో ఆ వెలుగు వద్దకు చేర్చుట చదువుకొన్న మన బాధ్యత. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు, పసిబిడ్డ గల పొరుగింట ఈ నాలుగు గుర్తులు చెప్పి రండి.