ఆక్సిజన్ పెట్టె

నెల్లూరు జిల్లా. మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఒక పాలెం. ఆ పాలెంలో ఒక తల్లి ఉందనుకుందాం. ఆమెకు ఐదేళ్ల కొడుకు. వాడు పుట్టినప్పుడు కాన్పు కష్టమైంది. బిడ్డ ఏడవలేదు. ఒళ్లు నీలంగా తిరిగింది. డాక్టర్లు ఎట్టాగో బతికించారు.

కానీ ఏడాది దాటినా వాడికి మెడ నిలవలేదు. రెండేళ్లు వచ్చినా కూర్చోలేదు. ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా బిగుసుకుపోతాయి. పిడికిళ్లు మూసుకుంటాయి. మాట రాదు. అమ్మను చూస్తే మాత్రం నవ్వుతాడు.

"బిడ్డకు గాలి సోకింది" అన్నారు ఇరుగుపొరుగు. ఆమె తాయెత్తు కట్టించింది. గుళ్లో నిద్ర చేసింది. దర్గాలోనూ నిద్ర చేసింది. చివరికి నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. సెరిబ్రల్ పాల్సీ.

ఒకరోజు ఆమె తమ్ముడు ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు.

"అక్కా, ఇది చూడు. గాజు పెట్టెలో పిల్లోడిని పడుకోబెట్టి ఆక్సిజన్ పెడతారంట. నలభై సార్లు పెడితే లేచి నడుస్తాడంట. చెన్నైలో ఉందంట."

ఆమె వీడియో చూసింది. మళ్లీ చూసింది. రాత్రి మొగుడితో చెప్పింది.

"పడవ ఇంజను అమ్మేద్దాం. బిడ్డకన్నా ఇంజను ఎక్కువా?" అన్నాడాయన.

ఆ మాటకు ఎవరు కాదంటారు? కానీ ఇంజను అమ్మేముందు ఆ పెట్టె సంగతి తెలుసుకోవాలి గదా. రండి, మనమూ తెలుసుకుందాం.

ముందు జబ్బు గురించి. మన చేతులు, కాళ్లు కదలాలంటే మెదడు చెప్పాలి. బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకు దెబ్బ తగలవచ్చు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. కాన్పులో ప్రాణవాయువు అందకపోయినా, పచ్చకామెర్లు బాగా ముదిరినా, మెదడుకు జ్వరం సోకినా ఇట్టా కావచ్చు. కొందరిలో కారణమే దొరకదు. వెయ్యిమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. తల్లి చేసిన తప్పు అసలే కాదు. మెదడులో తగిలిన దెబ్బ రోజురోజుకూ పెరగదు. అట్టాగని మాసిపోదు కూడా.

ఇప్పుడు పెట్టె సంగతి. దీన్ని హైపర్‌బారిక్ ఆక్సిజన్ వైద్యం అంటారు. పేరు పెద్దది. విషయం మాత్రం సముద్రం తెలిసినవాళ్లకు తెలిసిందే. మీరు నీళ్లలో లోతుకు మునిగితే చెవులు దిబ్బడ వేస్తాయి. అది నీళ్ల ఒత్తిడి. ఐదున్నర బారల లోతుకు, అంటే 10 మీటర్లకు పోతే, ఒంటిమీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు అవుతుంది. ఆ పెట్టెలో నీళ్లు ఉండవు. గాలితోనే అటువంటి ఒత్తిడి తెస్తారు. లోపలివాళ్లు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తారు. మనం పీల్చే మామూలు గాలిలో ఆక్సిజన్ వందకు 21 పాళ్లే. పెట్టెలో వందకు వంద. పైగా ఒత్తిడి. అందుకని రక్తంలో ఆక్సిజన్ చాలా ఎక్కువగా కరుగుతుంది.

ఈ వైద్యం దొంగ వైద్యం కాదు. లోతు నీళ్లలో పనిచేసే డైవర్లు గబుక్కున పైకి వస్తే రక్తంలో గాలి బుడగలు పుడతాయి. వాళ్ల ప్రాణం కాపాడేది ఈ పెట్టే. పొగ పీల్చి విషమెక్కినవాళ్లకూ వాడతారు. ఎంతకూ మానని కొన్ని షుగరు పుండ్లకూ వాడతారు. ఆ జబ్బులకు అది మంచి మందే.

మరి సెరిబ్రల్ పాల్సీకి? వీడియోలో ఏం చెప్పారంటే, మెదడులో దెబ్బతిన్నచోట కొన్ని కణాలు నిద్రపోతుంటాయి, ఆక్సిజన్ ఎక్కువగా ఇస్తే అవి లేస్తాయి అని. వినడానికి బాగుంది. కానీ నిజమా కాదా ఎట్టా తేలుతుంది?

వేటకు పోయేవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. నిషేధం ముగిశాక ఒకాయన కొత్త వల వేశాడు. చేప బాగా పడింది. "ఇదంతా ఈ వల మహిమ" అన్నాడు. పక్క పడవాయన అదే రోజు, అదే చోట పాత వల వేశాడు. ఆయనకూ అంతే పడింది. ఇప్పుడు చెప్పండి, మహిమ వలదా? నిషేధంలో పెరిగిన చేపదా?

డాక్టర్లు కూడా ఇట్టాగే రెండు వలలు వేసి చూశారు.

కెనడా దేశంలో క్యూబెక్ అనే చోట 111 మంది పిల్లలను తీసుకున్నారు. అందరికీ సెరిబ్రల్ పాల్సీ. వయసు 3 నుంచి 12 ఏళ్లు. వాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పెట్టెలో ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇచ్చారు. రెండో గుంపును కూడా పెట్టెలోనే ఉంచారు. కానీ మామూలు గాలే ఇచ్చారు. ఒత్తిడి కొంచెమే పెంచారు. రెండు నెలల్లో 40 సార్లు. ఏ బిడ్డ ఏ గుంపో తల్లిదండ్రులకు చెప్పలేదు. 2001లో ఫలితం బయటికి వచ్చింది. రెండు గుంపుల పిల్లలూ కొంత మెరుగయ్యారు. ఇద్దరూ ఒకేలా! ఆక్సిజన్ గుంపుకు ఎక్కువగా వచ్చింది ఒక్కటే, చెవి బాధ.

"మామూలు గాలైనా కొంచెం ఒత్తిడి పెట్టారు గదా, అదే మందేమో" అన్నారు కొందరు. అడగదగ్గ ప్రశ్నే. అందుకని అమెరికాలో ఇంకో పరీక్ష చేశారు. ఈసారి రెండు గుంపులకూ ఒత్తిడి ఒకటే, మామూలుకు ఒకటిన్నర రెట్లు. ఒక గుంపుకు పూర్తి ఆక్సిజన్. రెండో గుంపుకు వందకు 14 పాళ్లు మాత్రమే ఆక్సిజన్ ఉన్న గాలి. ఎందుకు 14? పలక తీసుకోండి. 14ను ఒకటిన్నరతో హెచ్చవేయండి. 21 వచ్చిందా? అంటే వాళ్లకు అందింది ఇంట్లో కూర్చుని పీల్చినంతే. 49 మంది పిల్లలతో చేశారు. మధ్యలో లెక్క చూస్తే తేడా ఏమీ కనబడలేదు. ఇక కనబడే ఆశ లేదని ఆపేశారు. ఆ ఫలితం 2012లో వచ్చింది.

మరి వీడియోలో తల్లి ఏడుస్తూ "మా వాడు మెరుగయ్యాడు" అంది. ఆమె అబద్ధం చెప్పిందా? లేదు. వాడు నిజంగానే మెరుగయ్యి ఉంటాడు. పిల్లలు పెరుగుతారు. పెరిగేకొద్దీ కొంత నేర్చుకుంటారు. పైగా ఆ రెండు నెలలూ తల్లి బిడ్డను వదలకుండా ఉంది. పద్దాక మాట్లాడింది, ఆడించింది. కొత్త మనుషుల్ని చూపించింది. ఇవన్నీ చేపను పెంచేవే. పేరు మాత్రం వలకొచ్చింది.

పోనీ, మేలు లేకపోయినా కీడు లేదుగా అంటారా? ఉంది. చెవి కర్ణభేరి దెబ్బతినొచ్చు. ఒత్తిడిలో ఆక్సిజన్ ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు. ఈ పిల్లల్లో చాలామందికి ముందే ఫిట్స్ ఉంటాయి. ఇంకొకటి చెప్పాలంటే బాధగా ఉంటుంది. ఆక్సిజన్ నిండిన చోట చిన్న నిప్పురవ్వ చాలు. 2009లో ఇటలీ నుంచి నాలుగేళ్ల బాబును ఇదే జబ్బుకు, ఇదే వైద్యానికి అమెరికా తీసుకుపోయారు. ఫ్లోరిడాలో పెట్టెలో మంటలు లేచాయి. బాబు, వాడికి తోడుగా లోపల కూర్చున్న అవ్వ, ఇద్దరూ చనిపోయారు. 2013లో అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ ప్రజలను హెచ్చరించింది. సెరిబ్రల్ పాల్సీకి ఈ వైద్యాన్ని తాము ఒప్పుకోలేదని చెప్పింది.

ఇప్పుడు మన తల్లి దగ్గరికి పోదాం. ఆమె రాత్రిబడిలో అక్షరాలు, లెక్కలు నేర్చుకుంది. నోటుపుస్తకం తీసింది. ఒక్కసారికి 3,000 రూపాయలు అడిగారనుకుందాం. 40 సార్లకు ఎంత? 1,20,000. చెన్నైలో రెండు నెలల గది అద్దె. తిండి. ఆమె రొయ్యల కూలి పోతుంది. ఇంజను లేక మొగుడి వేట పోతుంది. ఈ లెక్క మీరూ వేయండి. ఆమెకు పేజీ చాలలేదు.

మరునాడు బిడ్డను చంకనేసుకుని నెల్లూరు బస్సెక్కింది. నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సి.ఆర్.సి. ఉంది. అక్కడ ఫిజియోథెరపీ మేడం బిడ్డను చూసింది.

"చంకనేసుకుని తెచ్చావు. మంచి పని చేశావమ్మా" అంది.

"అదేంది మేడం?"

"కాళ్లు కత్తెర పడే బిడ్డను పసిబిడ్డలా అడ్డంగా ఎత్తుకోకూడదు. చంకన ఎక్కించుకుంటే కాళ్లు విడివిడిగా ఉంటాయి. తల పైకి ఉంటుంది. నలుగురినీ చూస్తాడు. పడుకోబెట్టి అన్నం పెడుతున్నావా?"

"అవును మేడం."

"వద్దు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు ఉంచి, కొంచెం కొంచెం పెట్టు."

"కూర్చోలేడు గదా?"

"మీది సముద్రం ఒడ్డేగా? నీడపట్టున ఇసుకలో నడుము లోతు గుంట తియ్యి. అందులో కూర్చోబెట్టి చుట్టూ ఇసుక సర్దు. నువ్వు పక్కనే ఉండు. ముందు ఆటవస్తువు పెట్టు. నువ్వు అందించొద్దు. వాణ్ణి అందుకోనియ్యి."

తుంటి ఎముక పక్కకు జరుగుతోందేమో చూడాలని ఎక్స్‌రే రాసింది. మడమ నేలకు ఆనడానికి కాలికి బద్ద కొలత తీసుకుంది. నడుస్తాడా అని తల్లి అడిగింది. మేడం నిలబెడతానని మాటివ్వలేదు. "కూర్చోవడం ముందు చూద్దాం" అంది.

డబ్బు సంగతి కూడా చెప్పింది. 2016 చట్టంలో సెరిబ్రల్ పాల్సీ పేరు ఉంది. సదరం పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి. దానితో పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. నిరామయ అనే బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి వస్తుంది, కసరత్తులు కూడా అందులోకే వస్తాయి. బడి వయసు వస్తే మండలంలో భవిత కేంద్రం ఉంది. ఏడాది లోపు బిడ్డకు మెడ నిలవకపోయినా, ఒళ్లు బిగుసుకుపోతున్నా ఆశా కార్యకర్తకు వెంటనే చెప్పాలి. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. ఈ మాట విని తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఐదేళ్లలో మూడేళ్లు తాయెత్తుల్లోనే పోయాయి.

ఇంటికొచ్చాక తమ్ముడు అడిగాడు. "ఏందక్కా, చెన్నై పోవట్లేదా?"

"వాళ్లకు ఫోను చెయ్యి. మామూలు గాలి పెట్టిన పిల్లలకన్నా మీ పెట్టెలో పిల్లలు ఎంత మెరుగయ్యారో కాగితం మీద రాసిమ్మను. అప్పుడు పోదాం."

తమ్ముడు ఫోను చేశాడు. "ముందు అడ్వాన్సు కట్టండి" అన్నారు.

ఇంజను పడవకే ఉంది. ఇంటి వెనక కొబ్బరిచెట్టు నీడలో గుంట ఉంది. నిన్న వాడు అందులో పావుగంట కూర్చున్నాడు. ఎడమ చెయ్యి చాపి గవ్వను పట్టుకున్నాడు. జారిపోయింది. అమ్మ అందించబోయి ఆగింది. వాడు మళ్లీ చెయ్యి చాపాడు.