చుక్క తగ్గని కాలువ

నందికొట్కూరు పిల్లలకు బానకచర్ల క్రాస్ రెగ్యులేటర్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పోతిరెడ్డిపాడు నుంచి సుమారు 16 కిలోమీటర్లు వచ్చిన కృష్ణా నీళ్లు అక్కడే తెలుగుగంగకు, ఎస్సార్బీసీకి, కేసీ కాలువకు పంపకమవుతాయి. ఒకదానికి ఎక్కువ వదిలితే మరోదానికి తగ్గాల్సిందే.

నెట్‌వర్క్ స్విచ్‌కు ఆ తగాదా లేదు. ఒక పోర్ట్‌లో పారే డేటాకు నకలు తీసి ఇంకో పోర్ట్‌కు పంపినా అసలు ప్రవాహం తగ్గదు. అదే పోర్ట్ మిర్రరింగ్. సిస్కో దానికి పెట్టుకున్న పేరు స్పాన్.

పాతకాలపు హబ్ వచ్చిన ప్యాకెట్‌ను అందరికీ పంచేది. స్విచ్ మ్యాక్ అడ్రస్ చూసి ఎవరిది వాళ్లకే ఇస్తుంది. అందుకే ఏదో ఒక పోర్ట్‌కు ల్యాప్‌టాప్ తగిలించి, ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ తెరిచిన కుర్రాడికి తన ట్రాఫిక్, కొన్ని బ్రాడ్‌కాస్ట్‌లు తప్ప పెద్దగా ఏమీ దొరకదు.

మిగతాది చూడాలంటే మిర్రరింగ్ కావాలి. సిస్కో స్విచ్‌లో దానికి రెండు లైన్లు చాలు. ‘మానిటర్ సెషన్ 1 సోర్స్ ఇంటర్‌ఫేస్’ అని కొట్టి గమనించాల్సిన పోర్ట్, ‘మానిటర్ సెషన్ 1 డెస్టినేషన్ ఇంటర్‌ఫేస్’ అని కొట్టి నకలు చేరాల్సిన పోర్ట్ ఇవ్వాలి. డెస్టినేషన్ పోర్ట్ మాత్రం మామూలు పని మానేస్తుంది. అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్ ఉన్న పోర్ట్ ఇచ్చారో, ఫోన్ మోగడానికి ఎంతోసేపు పట్టదు!

నెట్‌వర్క్ ఉద్యోగ ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. 1 గిగాబిట్ పోర్ట్ రెండు దిశల్లోనూ నిండుగా నడిస్తే నకలు 2 గిగాబిట్లవుతుంది. అది చేరే పోర్ట్ 1 గిగాబిట్‌దే అయితే? మిగతా ప్యాకెట్లు రాలిపోతాయి. నెట్‌వర్క్ బాగానే ఉన్నా, నకలులో ప్యాకెట్లు లేవని కేబుల్‌ను తప్పుపట్టే అభ్యర్థి అక్కడే దొరికిపోతాడు.

దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. ట్రాఫిక్ చదవగలిగినవాళ్ల అవసరం అలా పెరిగింది. సురికాటా, జీక్ వంటి నిఘా సాఫ్ట్‌వేర్లకు మేత చాలాచోట్ల ఈ మిర్రర్ పోర్టే. సిస్కో పరీక్షల్లో సీసీఎన్‌ఏ దాటాక రాసే ఎన్‌కోర్ 350-401 సిలబస్‌లో స్పాన్‌తో పాటు ఆర్‌స్పాన్, ఈఆర్‌స్పాన్ కూడా ఉన్నాయి.

సాధనకు సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్‌తో మొదలుపెట్టొచ్చు. కాలేజీ ల్యాబ్ స్విచ్ మీదైతే ముందు రాతపూర్వక అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా డేటా నకలు తీయడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. పని అయ్యాక ‘నో మానిటర్ సెషన్ 1’ కొట్టి, ‘షో మానిటర్’తో ఒకసారి చూసుకుని లేవాలి.