ఎన్ని నీళ్ళు కావాలి? – బాప్తిస్మమును గూర్చి సంఘముల నమ్మకములు, రోగులకు కొన్ని మాటలు



మన ఆసుపత్రి ప్రార్థన గదిలో లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వారు, కతోలికులు, పెంతెకోస్తు వారు, హెబ్రోను సహవాసపు వారు ప్రక్కప్రక్కనే కూర్చుంటారు. వార్డులలో ప్రార్థనకు వెళ్ళినప్పుడు వీరు మమ్మును తరచుగా అడిగేది బాప్తిస్మము గురించే. "చిన్నప్పుడు నా తలమీద నీళ్ళు చల్లారండీ, అది చెల్లుతుందా?" అని ఒకరు. "ముంచకపోతే పరలోకం లేదంటున్నారు, ఆపరేషనుకు ముందే తీసుకోవాలా?" అని మరొకరు. ఇవి భయంతో అడిగే ప్రశ్నలు. అందుకే ఈ నెల దీనిని గురించి వ్రాస్తున్నాము.

బాప్తిస్మము అనే మాట గ్రీకు భాష నుండి వచ్చింది. ఆ క్రియకు ముంచుట అని అర్థం. మార్కు 7:4లో కడుగుకొనుట అనే అర్థంలో కూడా కనబడుతుంది. మన కతోలిక కుటుంబాలు దీనినే జ్ఞానస్నానము అంటారు. పేరులోనే తేడా మొదలైందన్నమాట.

బాప్టిస్టులు, పెంతెకోస్తు సంఘాలు, బ్రదరెన్ వారు, మెన్నోనైట్ బ్రదరెన్ వారు చెప్పేది ఇది: మొదట విశ్వాసం, తరువాతే నీళ్ళు. నపుంసకుడు నమ్మి నీళ్ళలోకి దిగాడు (అపొ.కా. 8:38). రోమా 6:4లో పౌలు చెప్పిన పాతిపెట్టబడుట ముంచడంలోనే కనబడుతుంది. శిశువు నమ్మలేదు గనుక శిశువుకు ప్రతిష్ఠ ప్రార్థన చాలు. ఈ నమ్మకానికి మన తెలుగు నేలమీద పెద్ద సాక్ష్యం గుండ్లకమ్మ నది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశారు. తరువాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి ఇచ్చారు. ఆ సంఖ్యను అందరూ చెప్పుకుంటారు. ఆపి ఉంచిన ఆ నెలలే మాకు ఎక్కువ గొప్పగా తోస్తాయి.

లూథరన్లు, సి.ఎస్.ఐ. వారు, మెథడిస్టులు, కతోలికులు శిశువులకు కూడా ఇస్తారు. దేవుడే ముందుగా పట్టుకుంటాడు, బిడ్డ తరువాత తెలుసుకుంటాడు అన్నది వారి మాట. లూదియ ఇంటివారు, ఫిలిప్పీ చెరసాల నాయకుని ఇంటివారు అందరూ బాప్తిస్మము పొందారు గదా (అపొ.కా. 16) అంటారు. ఆ ఇళ్ళలో పసిబిడ్డలు ఉన్నారని వాక్యంలో లేదే అని అవతలివారు అంటారు. ఇద్దరి మాటా నిజమే, వాక్యం అక్కడ ఆగిపోయింది! 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుండి లూథరన్ కుటుంబాలలో తరతరాలుగా ఇదే పద్ధతి. 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ.లో శిశువులకూ ఇస్తారు, పెద్దవారై విశ్వసించినవారికీ ఇస్తారు. శిశువుగా పొందినవారు పెరిగాక కన్ఫర్మేషనులో తమ నోట ఒప్పుకుంటారు.

క్రీస్తు సంఘముల వారు అపొ.కా. 2:38 చూపించి, పాపక్షమాపణకు నీటిలో మునగడం అవసరమే అంటారు. సాల్వేషన్ ఆర్మీ వారు, క్వేకరులు అసలు నీటి బాప్తిస్మమే ఇవ్వరు. అంత మాత్రాన వారిని క్రైస్తవులు కారనగలమా?

ఇక మంచం మీద ఉన్నవారి సంగతి. 'దిదాఖే' అనే అతి ప్రాచీన సంఘపు పుస్తకం పారే నీరు మంచిదని, అది లేకపోతే వేరే నీరు, చన్నీళ్ళు కుదరకపోతే వేడినీళ్ళు, ఏదీ సరిపడా లేకపోతే తలమీద మూడుమార్లు పోయవచ్చునని చెబుతుంది. గ్రీకులో 'క్లినే' అంటే మంచం. మనం రోజూ అనే క్లినిక్ అనే మాట అందులో నుండే వచ్చింది. జబ్బుతో మంచం మీదనే నీళ్ళు పోయించుకొని బాప్తిస్మము పొందినవారిని ఆ రోజుల్లో క్లినికులు అని కొంచెం తక్కువగా చూసేవారు. వారిది నిజమైన బాప్తిస్మమేనా అని అడిగితే, మూడవ శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియను నిజమైనదేనని, నీళ్ళు తక్కువైనంత మాత్రాన కృప తక్కువ కాదని తీర్పు చెప్పాడు. ముంచడమే సరైనదని నమ్మే కాపరులు దీనిని ఒప్పుకోరు. అయితే వారిలో అనేకులు, లేవలేని విశ్వాసికి సిలువ మీది దొంగను చూపించి (లూకా 23:43) ధైర్యం చెబుతారు. నీళ్ళు దొరకలేదని ప్రభువు అతణ్ణి వెనక్కి పంపలేదు.

అన్నిటికంటె కష్టమైనది నెలలు నిండని బిడ్డల వార్డు. అమ్మమ్మ లూథరన్, నాన్న పెంతెకోస్తు, బిడ్డ అద్దాల పెట్టెలో. ఆ గంటలో వాదన వద్దు. తల్లిదండ్రులు ఇద్దరూ కోరితే కాచి చల్లార్చిన నీళ్ళు నాలుగు చుక్కలు నర్సు చేతి దూదితో చాలు. కతోలికులలో, లూథరన్లలో ప్రాణాపాయమప్పుడు పాస్టరుగారు గాని ఫాదరుగారు గాని లేకపోతే ఎవరైనా ఇవ్వవచ్చు; నీళ్ళు, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామము ఉండాలి. తల్లిదండ్రులు అడగకుండా ఏ బిడ్డ తలమీదనూ ఎవరూ నీళ్ళు పోయకూడదు, అది ఎంత ప్రేమతో చేసినా సరే. నీళ్ళు పడకముందే వెళ్ళిపోయిన బిడ్డ సంగతి ఏమిటని తల్లి అడుగుతుంది. బాప్టిస్టులు ఆ బిడ్డ దేవుని కనికరంలోనే ఉన్నాడంటారు. 2007లో కతోలిక వేదాంత సంఘం ఒకటి, అటువంటి శిశువుల రక్షణ కోసం నిరీక్షించడానికి బలమైన కారణాలున్నాయని ప్రకటించింది. తల్లికి ఆ రోజు ఈ మాటే చెప్పాలి, మిగతావి తరువాత.

నదిలోగాని తొట్టెలోగాని మునగబోయేవారు ఆరోగ్య విషయం కూడా చూసుకోవాలి. ఆపరేషను కుట్లు పూర్తిగా మానేవరకు నీళ్ళలో మునగవద్దు. ఎప్పుడు మంచిదో డాక్టరుగారే చెప్పాలి. డయాలిసిస్ గొట్టం, మూత్రపు గొట్టం, గొంతు దగ్గర రంధ్రం ఉన్నవారు అసలే దిగవద్దు. మూర్ఛ ఉన్నవారు ఆ రోజు మాత్ర మానవద్దు, నీళ్ళలో ఇరుప్రక్కలా మనుషులు ఉండాలి. గుండెజబ్బు ఉన్నవారికి తెల్లవారుజామున చన్నీళ్ళు మంచివి కావు. షుగరువారు బాప్తిస్మానికి ముందు ఉపవాసమున్నట్లయితే ఇన్సులిను మోతాదు డాక్టరుగారిని అడిగి తగ్గించుకోవాలి. లేకపోతే నీళ్ళలోనే కళ్ళు తిరుగుతాయి. చెవి కారేవారు వాజలిన్ రాసిన దూది పెట్టుకోవాలి. సంఘపు తొట్టె నీళ్ళు ప్రతిసారీ మార్చి, క్లోరిన్ కలపమని పెద్దలకు మనవి.

"మళ్ళీ తీసుకో" అని రోగి మంచం దగ్గరకు వచ్చి బలవంతపెట్టేవారున్నారు. శిశు బాప్తిస్మము చాలునని నమ్మే సంఘంలోని వ్యక్తి మనసు మార్చుకోవచ్చు, అది అతని మనస్సాక్షి. కాని జ్వరం తగ్గి, ఇంటికి వెళ్ళి, తన సొంత కాపరిగారితో మాట్లాడి మార్చుకోవాలి. భయపడినవాడిని నీళ్ళలోకి లాగడం సువార్త పని అని మేము అనుకోము.

వార్డులో బాప్తిస్మము కోరేవారు ముందుగా సిస్టరుగారికి చెప్పండి. మీ కాపరిగారికి కబురు చేస్తాము. ఇచ్చిన తేదీ, పేరు, ఇచ్చినవారి పేరు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఒక కాగితం మీద వ్రాయించుకొని భద్రపరచుకోండి. మీ సంఘ రిజిస్టరులో ఎక్కించడానికి, రేపు పెళ్ళి సమయంలో అడిగినప్పుడు చూపించడానికి అది కావాలి.