వార్డు చూశాకే మోడల్

చిరంజీవి బుజ్జికి,

ఆస్పత్రి డేటా మీద మెషిన్ లెర్నింగ్ పనిలోకి వెళ్లాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఏం నేర్చుకోమంటావని అడిగావు. పైథాన్, ఎస్‌క్యూఎల్ నీకెలాగూ వచ్చు. బయోస్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ మాత్రం కూర్చుని శ్రద్ధగా చదువు. అయితే అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది.

నీ చేతికొచ్చే టేబుల్‌లో ఉండేది రోగి ఒంట్లో జరిగింది కాదమ్మా, ఆస్పత్రివాళ్లు చేసింది, రాసింది. 1990లలో అమెరికాలో రిచ్ కరువానా, తోటి పరిశోధకులు న్యుమోనియా రోగుల్లో ప్రాణాపాయం ఎవరికెక్కువో చెప్పే మోడళ్లు తయారుచేశారు. కచ్చితత్వంలో న్యూరల్ నెట్‌దే పైచేయి. కానీ అదే డేటా మీద నడిపిన మరో మోడల్‌లో, ఉబ్బసం ఉన్నవాళ్లకు ముప్పు తక్కువన్న సూత్రం బయటపడింది. డేటా ప్రకారం అది నిజమే! ఉబ్బసం మనిషికి న్యుమోనియా వస్తే డాక్టర్లు నేరుగా ఐసీయూలో పెట్టేవాళ్లు. ఆ వైద్యమే వాళ్లను బతికించింది. మోడల్ మాట వింటే వాళ్లనే ఇంటికి పంపేసేవాళ్లు. న్యూరల్ నెట్ లోపల ఇలాంటివి ఇంకెన్ని దాగున్నాయో తెలియక, దాన్ని రోగుల మీద వాడనే లేదు. ఆ నిర్ణయం మీద నాకు ఎంతో గౌరవం.

2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో బోస్టన్ ఆస్పత్రుల రికార్డుల మీద వచ్చిన పేపర్ కూడా చదువు. రోగి మూడేళ్లు బతుకుతాడా లేదా అన్నది, చాలా పరీక్షల్లో, ఫలితం కన్నా పరీక్ష ఎప్పుడు చేయించారన్నదే బాగా చెప్పిందట. అర్ధరాత్రి దాటాక ఊరికే ఎవరూ రక్తం తీయరు కదా.

అందుకని, చేరగానే వార్డుకు వెళ్లు. డ్యూటీ మారే వేళ నర్సుల పక్కన నిలబడు. పొద్దుట్నుంచి కాగితం మీద రాసుకున్న బీపీలన్నీ ఒక్కసారే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే చూస్తావు. నీ టేబుల్‌లో పడే టైము అదే. శ్వాస రేటు వార్డంతటికీ 20 అని ఉంటే, ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. వాళ్లను తప్పుపట్టకు, ఒక్కో నర్సు ఎంతమందిని చూసుకుంటోందో కూడా లెక్కపెట్టు. తర్వాత ల్యాబ్. క్రియాటినిన్ 88 అని కనబడగానే చెత్త అని తీసిపారేయకు. అది మైక్రోమోల్స్‌లో రాసిన అంకె అయితే, మన రిపోర్టుల్లో 1.0 మిల్లీగ్రాము వేసేది దాన్నే.

రెండు ఆఫర్లలో ఏది తీసుకోమంటావని అడిగావు. జీతం సంగతి నువ్వే చూసుకో. ఇద్దరినీ ఒక్క ప్రశ్న అడుగు: మోడల్ తప్పు చెప్పిందని డాక్టరుకు తెలిస్తే, ఆ కబురు నాదాకా ఎలా వస్తుంది, ఎన్నాళ్లకు వస్తుంది? ఫలానావాళ్లు చెబుతారని ఎవరు చెప్పగలిగితే అక్కడే చేరు.

మీ మామయ్య