కొండ పొదపిగిలి

వేసవి సెలవులలో చల్లని తావును వెతుక్కుంటూ కుటుంబ సమేతంగా బయలుదేరడం నేడు పరిపాటి అయింది. రాయలసీమ వాసులకు అట్టి సమయంలో మొదట స్ఫురించేది హార్స్‌లీ కొండ. మదనపల్లె సమీపాన సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండపై 19వ శతాబ్దిలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ వేసవి విడిది కట్టించుకున్నాడు. పటాలలో ఆయన పేరే స్థిరపడింది. స్థానికులకు మాత్రం ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే బాలికను ఏనుగులు పోషించాయని ఐతిహ్యం.

వచ్చినవారిలో చాలామంది వాహనం దిగి, లోయను చూసి, ఛాయాచిత్రాలు తీసుకొని మరలిపోతారు. తెల్లవారుజామున కాలిబాట పట్టినవారికి కనిపించే కొండ వేరు. పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందులలో ముళ్ళపొదలు, అక్కడక్కడ రాతిని పెనవేసుకున్న మర్రివేళ్ళు. చూపులకు బీడుగా తోచే ఈ నేలలోనే ఒక అరుదైన పక్షి నివసిస్తున్నది. గొంతు, తోక అడుగుభాగం పసుపుపచ్చన, రొమ్ము బూడిదరంగు. దక్షిణ భారతదేశపు రాతికొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది లేదు.

19వ శతాబ్దిలో ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేసిన జెర్డాన్ అనే వైద్యుడు దీని తెలుగు పేరును కూడా నమోదు చేశాడు. ఆ పేరు 'కొండ పొదపిగిలి'. పిగిలి అంటే బుల్‌బుల్. ఉనికి కొండ, ఆశ్రయం పొద, జాతి పిగిలి. మూడు మాటలలో పక్షి జీవితమంతా ఇమిడిన ఇట్టి నామకరణం పండితులకు సాధ్యమయ్యేది కాదు. కొండను నిత్యం ఎక్కిదిగే వారికే సాధ్యం. మనుమరాలి చేతిలో ఆంగ్ల పుస్తకం ఉన్నా, పక్కన నడిచే తాతగారికి 'పిగిలిపిట్ట' అనే మాట తెలిసి ఉంటే ఆ నడక ఇద్దరికీ పాఠమవుతుంది.

ఈ పక్షి బెదురు స్వభావం కలది. బిగ్గరగా మాట్లాడితే పొదలోకి జారుకుంటుంది. సెల్‌ఫోనులో దాని కూతను వినిపించి బయటకు రప్పించే అలవాటు కొందరిలో ఉన్నది. అది తగని పని. శత్రువు తన తావులోకి వచ్చిందని భ్రమించిన పక్షి మేతను, గూటిని విడిచి వెతుకులాడుతుంది. గూళ్ళు కట్టే కాలంలో దీనివలన పిల్లలకే ముప్పు. కదలక కూర్చొని, పండ్లు మాగిన చెట్టును గమనిస్తే చాలు. ఆకలి దానిని అక్కడికి తెస్తుంది.

అసలు ప్రమాదం సందర్శకులకంటె పెద్దది. గ్రానైటు కొరకు గుండ్లను పగులగొట్టినచోట, వేసవి మంటలకు పొదలు కాలినచోట పిగిలికి నిలువనీడ ఉండదు. పొద మరల మొలవవచ్చును, గుండు మొలవదు. జెర్డాన్ పేరుతోనే ముడిపడిన కలివికోడి 1900 తరువాత కనబడక, అంతరించినదని భావింపబడి, 1986లో కడప జిల్లాలో తిరిగి కనుగొనబడింది. దాని జాడ తెలియడానికి తోడ్పడినవాడు ఆ అడవి ఎరిగిన ఒక స్థానికుడు.

కొండ దిగే వేళకు మనుమరాలి నోటుపుస్తకంలో తేది, సమయం, స్థలం, పక్షుల సంఖ్య ఉంటాయి. పిగిలి కనబడని రోజున ఆ గడిలో సున్న వేయాలి. ఖాళీగా వదలిన గడికి, సున్న వేసిన గడికి చాలా భేదమున్నది.