దూలము, కమాను: ఓరుగల్లులో ఒక ముసురు దినము

మార్గశిర మాసంలో వాన మన ప్రాంతంలో తరచుగా చూచేది కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడు మాత్రం రెండు మూడు దినాలు ముసురు పట్టి, గోదావరిఖని వీధులు బొగ్గు రంగు బురదతో నిండుతాయి. అటువంటి ముసురులోనే మేము రామగుండంలో రైలెక్కి కాజీపేటలో దిగాము. దారి పొడవునా మాలో ఒక వాదం సాగినది. ఓరుగల్లు కోటలోని శిలాతోరణాలు ఎవరివి, ఖుష్ మహలు ఎవరిది, వాటిలో ‘మనది’ ఏది అన్నదే ఆ వాదం.

మొదట హనుమకొండలోని వేయిస్తంభాల గుడికి వెళ్లాము. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయమిది. తడిసిన నల్లరాయి అద్దంవలె మెరుస్తున్నది. చూరు రాళ్లు ముందుకు వాలి ఉన్నందున నీరు గోడను తాకక దూరంగా జారిపడుతున్నది. ఎండలో వచ్చేవారు దీనిని గమనింపరు. ఇన్ని స్తంభాలెందుకు? కేవలం శోభ కొరకే అనుకోరాదు. రాయి నిలువునా ఎంతో బరువును మోయగలదు గాని, వంపును సహింపలేదు. స్తంభాల నడుమ దూరం పెరిగితే దూలం అడుగుభాగం సాగుడుకు లోనై పగులుతుంది. కనుక స్తంభాలను దగ్గర దగ్గరగా నిలుపవలసినదే. మన భూగర్భ గనులలో బొగ్గునంతా ఒకేసారి తవ్వక, పైకప్పు కూలకుండా నడుమ నడుమ బొగ్గునే స్తంభాలుగా వదలుతారు. ‘పిల్లర్’ అన్న మాటను తండ్రుల నోట విన్న మాకు ఈ గుడి మర్మం తెలియుటకు ఎంతోసేపు పట్టలేదు.

అక్కడినుండి బస్సులో కోటకు చేరేసరికి వాన హెచ్చినది. గణపతిదేవుని కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తి అయిన కోట ఇది. 1323లో ఉలుఘ్ ఖాన్ సేనలు దీనిని జయించిన పిమ్మట సుల్తాన్‌పూర్ అని పేరు మారినది. స్వయంభూ శివాలయం శిథిలమైనది. నాలుగు దిక్కుల తోరణాలు మాత్రం నిలిచినవి. ఇవియును స్తంభాలు, వాటిపై దూలమే.

చేరువనే ఖుష్ మహలు కలదు. 16వ శతాబ్ది ఆరంభంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ దీనిని కట్టించెనని వాడుక. సీతాపతి అన్న పేరు కూడా ఈతనిదే! తుగ్లకుల కాలపు కట్టడమని మరికొందరు పండితుల అభిప్రాయం. లోపలికి వాలిన మందపు గోడలను చూచినప్పుడు మాకు రెండవదే సబబుగా తోచినది. ఢిల్లీలోని తుగ్లకాబాదు గోడలును ఇట్టివే. లోపల నడుమ ఒక్క స్తంభమైనా లేదు. ఎత్తైన కమానులు ఒక గోడనుండి మరొక గోడకు దాటినవి. కమానులో ప్రతి రాయి ప్రక్క రాయిని నొక్కుతుందే గాని వంగదు. అయితే ఆ నొక్కుడు గోడలను వెలుపలికి త్రోస్తుంది. ఆ త్రోపును ఆపుటకే ఇంత మందం, ఈ వాలు. ‘కమాన్’ అనగా ఫారసీలో విల్లు అని ఉర్దూ తరగతి మిత్రుడొకడు తెలిపినాడు. తెలుగు మాటే అనుకొన్న మేము నవ్వుకొన్నాము.

కోటలో దొరికిన ఆలయ శిల్పాలు కొన్ని ఆ కమానుల క్రిందనే భద్రపరచబడి ఉన్నవి. వాన తగ్గేదాకా మేము వాటి ప్రక్కనే నిలుచున్నాము.

తిరుగు రైలులో వాదం మళ్లీ మొదలైనది, ఈసారి షితాబ్ ఖానా, తుగ్లకులా అని.