డిగ్రీ లేకుండా ప్రోగ్రామర్‌ కావచ్చా?

ప్రశ్న: బీటెక్‌ రెండేళ్లు చదివి మానేశాను. జావా, పైథాన్‌ సొంతంగా నేర్చుకున్నాను. డిగ్రీ లేకపోతే ఉద్యోగం రాదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వస్తుంది. కాకపోతే దారి వేరు. పెద్ద ఐటీ కంపెనీల క్యాంపస్‌ నియామకాల్లో డిగ్రీ, మార్కుల శాతం చూశాకే పరీక్షకు పిలవడం మామూలు. అక్కడ మీ కోడ్‌ ఎవరి కంటా పడదు. చిన్న కంపెనీల్లో ఆ పట్టింపు తక్కువ. సాఫ్ట్‌వేర్‌ కంపెనీ జోహో అయితే ఇంటర్‌, డిప్లొమా చదివినవారికి ఏళ్లుగా తానే శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లోకి తీసుకుంటోంది.

పది సర్టిఫికెట్ల కన్నా, నలుగురు నిజంగా వాడే అప్లికేషన్‌ ఒక్కటి గిట్‌హబ్‌లో పెట్టండి. డేటా స్ట్రక్చర్స్‌, డేటాబేస్‌లు గట్టిగా చదవండి. సొంతంగా నేర్చుకున్నవారు ఇంటర్వ్యూల్లో తడబడేది ఎక్కువగా వీటి దగ్గరే.

అమెరికా వెళ్లాలనుకుంటే మాత్రం డిగ్రీని తేలిగ్గా తీసుకోకండి. హెచ్‌-1బీ వీసాకు డిగ్రీ లేదా సమానార్హత తప్పనిసరి. 3 ఏళ్ల అనుభవాన్ని ఒక కాలేజీ ఏడాదిగా లెక్కిస్తారు. అంటే నాలుగేళ్ల డిగ్రీకి 12 ఏళ్లు! అందుకే ఉద్యోగం చేస్తూనే, జేఈఈ అవసరం లేని ఐఐటీ మద్రాస్‌ ఆన్‌లైన్‌ బీఎస్‌ లాంటిది చదవమని నా సలహా. సమానార్హత లెక్కలో మీ రెండేళ్ల చదువూ పనికొస్తుంది కాబట్టి, ముందుగా ఆ మార్కుల మెమోలు కాలేజీ నుంచి తెచ్చుకోండి.